పరిశోధన స్థానానికి ఏం పట్టుకుపోవాలి, ఏం అడగాలి: అనంతపురం రైతుకు

అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం మండలంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల రేకులకుంట పరిశోధన స్థానం ఉంది. అదే మండలంలో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. చాలామంది రైతులకు ఇవి బోర్డు మీద పేర్లుగానే తెలుసు. చేన్లో తేడా కనిపిస్తే ముందు పోయేది మందుల అంగడికి. అంగడాయనను తప్పుపట్టడానికి లేదు. ఆయన అమ్మేది మందు, కాబట్టి ఏ ప్రశ్న అడిగినా జవాబు డబ్బాలోనే ఉంటుంది. విశ్వవిద్యాలయం వాళ్లకు మీకు అమ్మాల్సిన సరుకేమీ లేదు. ఒక్కోసారి "ఏమీ కొట్టొద్దు, నాలుగు రోజులు ఆగండి" అని చెప్పగలిగేది వాళ్లే.

కానీ ఉత్తచేతులతో పోతే అక్కడ కూడా పెద్దగా దొరికేది ఉండదు. "సార్, శెనక్కాయ ఎర్రబడతాంది, ఏం మందు కొట్టాల?" అంటే ఎంత చదివినాయనైనా ఊహించే చెప్పాలి. మీరు ఎంత చూపిస్తే ఆయనకు అంతే కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం పోయే ముందు చేసుకోవాల్సిన పని గురించే.

ఎవరి దగ్గరికి దేనికి

పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఒకటే అనుకుంటారు. పని వేరు. పరిశోధన స్థానంలో ఏళ్ల తరబడి ప్రయోగాలు నడుస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే మన ఎర్రనేలల్లో పంట ఎట్లా నిలబెట్టాలి అనేదే రేకులకుంట వాళ్ల ప్రధాన పని. దేశమంతటా మెట్ట సేద్యం మీద నడిచే సమన్వయ పరిశోధన పథకానికి అది ఒక కేంద్రం. ట్రాక్టరుకు తగిలించి శెనక్కాయ విత్తే 'అనంత' గొర్రు అక్కడ తయారైందే. శెనక్కాయ రకాలకు కదిరి పరిశోధన స్థానం పెట్టింది పేరు. 2022 నుంచి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ విత్తనానికి జిల్లా సరిహద్దుతో పని లేదు. 2005లో వచ్చిన కదిరి-6 నుంచి తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి దాకా అక్కడివే. శనగ, కొర్ర, పత్తి అయితే నంద్యాల ప్రాంతీయ పరిశోధన స్థానం చూసుకుంటుంది.

కృషి విజ్ఞాన కేంద్రం పని ఆ ప్రయోగాల ఫలితాన్ని మీ చేన్లో పెట్టి చూడటం, శిక్షణ ఇవ్వడం. సేద్యం, సస్యరక్షణ, ఉద్యానం, పశుపోషణ లాంటి ఒక్కో విభాగానికి ఒక్కో శాస్త్రవేత్త ఉంటారు. ఖాళీలు ఉండటం మామూలే, కాబట్టి ఫోన్ చేసి కనుక్కునే పోండి. మనకు రెడ్డిపల్లి కాక కళ్యాణదుర్గంలో ఒకటి ఉంది. కర్నూలు వైపు వాళ్లకు బనవాసి, బనగానపల్లె పక్కన యాగంటిపల్లె, కడప వాళ్లకు ఊటుకూరు. విశ్వవిద్యాలయానికే జిల్లాల్లో 'ఏరువాక కేంద్రాలు' అని కూడా ఉంటాయి. వ్యవసాయ శాఖ వాళ్లతో కలిసి చేలు తిరగడం వాళ్ల పని.

చీనీ, మామిడి, దానిమ్మ లాంటి తోటలకు ఉద్యాన విశ్వవిద్యాలయం వేరే ఉంది. రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేట పరిశోధన స్థానం వాళ్లదే. గొర్రెలు, మేకలకు తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం. ఎక్కడికి పోవాలో తెలియకపోతే దగ్గరున్న కృషి విజ్ఞాన కేంద్రానికే పోండి, సరైన చోటుకు పంపిస్తారు.

ఊర్లోని రైతు సేవా కేంద్రాన్ని దాటేసి నేరుగా పైకి పోవద్దు. అక్కడి వ్యవసాయ సహాయకుడికి ముందు చెప్పండి. ఆ అబ్బాయికి శాస్త్రవేత్తల నంబర్లు తెలిసి ఉంటాయి, వాళ్ల గ్రూపుల్లో ఫోటో పెట్టగలడు. జవాబు రాకపోతే అప్పుడు బండి తీయండి. ఇంట్లో నుంచే అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు. ఎరువు మోతాదు లాంటి తెలిసిన ప్రశ్నలకు అది చాలు. వింత తెగులుకు చాలదు.

ఒక నోటుబుక్కు

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి చేనుకు కేటాయించండి. విత్తనం రకం, ఎక్కడ తెచ్చింది, విత్తిన తేదీ, పదునైన వాన పడిన తేదీలు, వేసిన ఎరువు, కొట్టిన మందు, పోయిన ఏడు ఆ చేన్లో ఉన్న పంట రాసుకుంటే చాలు. మందు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, కింద చిన్నగా ఉండే టెక్నికల్ పేరు, శాతం రాయండి. ఇమిడాక్లోప్రిడ్ అనే ఒకే పురుగుమందును పది పేర్లతో అమ్ముతారు. పేరు మారిందని అదే మందు వారంలో రెండుసార్లు కొట్టినవాళ్లు ప్రతి ఊర్లో ఉన్నారు. సలహా తీసుకునేటప్పుడు కూడా శాస్త్రవేత్తతో టెక్నికల్ పేరే రాయించుకుని, ఆ చీటీ అంగట్లో చూపించండి.

మట్టి తీయడం

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. పరీక్ష ఎంత మంచిదైనా మట్టి తప్పుగా తీస్తే కార్డు మీద వచ్చేది వేరే చేను లెక్క.

ఏప్రిల్, మే నెలల్లో దుక్కి ఖాళీగా ఉన్నప్పుడు తీయండి. జూన్‌లో వాన పడ్డాక తీస్తే కార్డు చేతికొచ్చేసరికి విత్తడం అయిపోతుంది. అయిదెకరాల చేనైనా నేల ఒకేలా ఉండదు. గట్టు వైపు గరుసు, పల్లంలో బంకమట్టి ఉంటే రెండూ వేరువేరు నమూనాలు. గట్ల పక్కన, చెట్ల కింద, దిబ్బ పోసిన చోట, గొర్రెలు మందవేసిన చోట తీయొద్దు.

చేన్లో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల ఆగండి. పైన గడ్డీగాదం తీసేసి, పారతో వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంత తవ్వండి. గుంతలోని మట్టి పక్కన పారేసి, గుంత గోడ నుంచి పైనుంచి కింద దాకా ఒక పలుచని పొర చెక్కి ప్లాస్టిక్ బక్కెట్లో వేయండి. జింకు పూత ఉన్న బక్కెట్, తుప్పు పట్టిన పార వాడితే జింకు, ఇనుము లెక్కలు తప్పుతాయి. అన్ని చోట్ల మట్టినీ గుడ్డ మీద పోసి, బాగా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. అర కిలో మిగిలేదాకా ఇదే పని. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పోసి, పేరు, ఊరు, సర్వే నంబరు, వేయబోయే పంట రాసిన చీటీ ఒకటి లోపల, ఒకటి బయట పెట్టండి. ఖాళీ యూరియా సంచిలో మాత్రం పోయొద్దు.

చీనీ, దానిమ్మ తోట పెట్టబోతే ఆరంగుళాలు చాలదు. వేరు లోతుకు పోతుంది కాబట్టి ఒక్కో అడుగుకు ఒక్కో నమూనా వేరుగా తీయాలి. కింద సున్నపు పొర ఉందేమో చెట్టు నాటకముందే తెలుసుకోవాలి. నాలుగేళ్లు పెంచాక తెలిస్తే తలపట్టుకోవడమే. బోరు నీళ్లు కూడా అప్పుడే ఇవ్వండి. మోటారు అరగంట ఆడించి, అదే నీళ్లతో సీసా రెండు మూడుసార్లు కడిగి, ఒక లీటరు నిండా పట్టండి.

కార్డు వచ్చాక దాన్ని బీరువాలో పెట్టేయకుండా శాస్త్రవేత్త ముందర పెట్టి చదివించుకోండి. అందులో 12 అంశాలుంటాయి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ వస్తే మన ఎర్రనేలల్లో ఆశ్చర్యమేమీ లేదు. జింకు 0.6 పీపీఎం కంటే తక్కువ ఉంటే ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ దుక్కిలో వేయమంటారు, డీఏపీతో కలపకుండా. ఏళ్ల తరబడి డీఏపీ పోసిన చేన్లో భాస్వరం 'ఎక్కువ' అని రావచ్చు. అలా వస్తే "ఈసారి ఎంత తగ్గించొచ్చు?" అని మొహమాటపడకుండా అడగండి. కార్డు వల్ల నేరుగా డబ్బు మిగిలే చోటు అది.

శెనక్కాయకు జిప్సం సంగతి కూడా అడగండి. పూత దశలో ఎకరాకు 200 కిలోలు మొక్క మొదళ్ల దగ్గర వేసి కలుపు తవ్వకంతో మట్టిలో కలపమని చెబుతారు. ఊడ (పూత నుంచి కిందికి దిగే కాడ) భూమిలోకి దిగాక కాయ తనకు కావాల్సిన కాల్షియంను వేరు నుంచి కాక చుట్టూ ఉన్న మట్టి నుంచే పీల్చుకుంటుంది. అందుకే దుక్కిలో ఎక్కడో చల్లడం కంటే ఊడ దిగే చోట ఉండాలి. పొల్లు కాయలు తగ్గేది అక్కడే.

తెగులు మొక్క పట్టుకుపోవడం

'పసుపు పచ్చబడింది' అనే మాటే తీసుకోండి. శెనక్కాయలో కింది ముదురాకులు పసుపు పచ్చబడితే నత్రజని కొరత కావచ్చు. పై లేతాకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్యలో పాలిపోతే ఇనుము లోపం. దానికి ఎకరాకు కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 200 గ్రాముల నిమ్మ ఉప్పు 200 లీటర్ల నీళ్లలో కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టమంటారు. ఖర్చు తక్కువ. ఆకు చివర వి ఆకారంలో పసుపు కనిపిస్తే పచ్చదోమ. నీళ్లు నిలిచినా పసుపే. నాలుగింటికీ వైద్యం వేరు, అంగట్లో అడిగే ప్రశ్న మాత్రం ఒకటే.

కాబట్టి మొక్కను చూపించాలి. అప్పుడప్పుడే రోగం మొదలైన మొక్కలు నాలుగైదు, మధ్యరకం రెండు, పక్కనే ఉన్న మంచి మొక్క ఒకటి తీసుకోండి. పూర్తిగా ఎండిన మొక్కలో ఏముందో ఎవరూ చెప్పలేరు. పీకితే వేర్లు తెగుతాయి, చుట్టూ మట్టితో సహా తవ్వండి. వేర్లను తడిగుడ్డలో, ఆకులను పాత పేపర్లో చుట్టండి. తడిసిన ప్లాస్టిక్ కవర్లో బిగించి మధ్యాహ్నం ఎండలో బండికి వేలాడదీస్తే చేరేసరికి కుళ్లు వాసన తప్ప ఏమీ మిగలదు. పొద్దున తవ్వి ఆ పూటే చేరండి.

ఫోన్‌లో ఫోటోలు కూడా కావాలి. చేను మొత్తం ఒకటి (రోగం గుంపులు గుంపులుగా ఉందా, గట్టు వైపు మొదలైందా తెలియాలి), మొక్క ఒకటి, ఆకు వెనకవైపు దగ్గరగా ఒకటి. చాలామంది పంపేది ఆకు పైభాగం ఒక్కటే. పురుగు దాక్కునేది వెనకాల.

ఇంత పట్టింపు ఎందుకంటే 2000 ఖరీఫ్ గుర్తు చేసుకోండి. ఆ ఏడు అనంతపురం జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో శెనక్కాయ మొక్కలు కాండం నల్లబడి చచ్చిపోయాయి. నష్టం 300 కోట్లు దాటిందని లెక్క తేల్చారు. చూడ్డానికి పాత మొవ్వుకుళ్లు తెగులులాగే ఉంది. నమూనాలు ప్రయోగశాలలో పరీక్షించాక తేలింది, అది పొగాకు చారల వైరస్ తెచ్చే కొత్త రోగమని. వైరస్ ఉండేది గట్ల మీద పూసే వయ్యారిభామలో. ఆ కలుపు మొక్కకు ఏ జబ్బూ ఉన్నట్టు కనిపించదు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడితో శెనక్కాయ ఆకుల మీదికి వచ్చి గీకినప్పుడు ఆ గాయాల్లోంచి లోపలికి పోతుంది.

ఇది తెలిశాక చేయాల్సిన పని మొత్తం మారిపోయింది. మొక్క వాడాక మందు కొట్టడం డబ్బు దండగ. చేను చుట్టూ, గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి (చేతులకు తొడుగులు వేసుకోండి, దురద పెడుతుంది). విత్తనాన్ని కిలోకు 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్‌తో శుద్ధి చేయాలి. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ అడ్డుగా వేయాలి. మూడూ రోగం రాకముందు చేసేవే. ఈ సలహా ఇప్పటికీ అదే. గట్టు మీద కలుపు పక్కోడి పొలానిది అయినా సరే మాట్లాడుకుని పీకించండి.

జీవాలకు

గొర్రెల మందకు ఇదే సూత్రం, కానీ సమయం ఇంకా తక్కువ. వాన పడి కొత్త గడ్డి లేవగానే బలిసిన పిల్లలే ముందు పడిపోతే అది చిటుక రోగం కావచ్చు. రోగం వచ్చాక పిల్ల దక్కేది కష్టం. టీకా వానలకు ముందే వేయించాలి, మొదటిసారి అయితే రెండు వారాలకు మళ్లీ ఒకటి. పారుడు రోగం టీకా ఎప్పుడు వేశారో నోటుబుక్కులో రాయండి. అది మూడేళ్ల దాకా పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ తేదీ గుర్తుండదు.

నట్టల మందు గుడ్డిగా తాపేకన్నా పేడ పరీక్ష చేయించండి. ఎనిమిది, పది జీవాల నుంచి కింద పడకముందే తాజా పెంటికలు తీసి చిన్న డబ్బాలో వేసి ఆ రోజే ఇవ్వాలి. ఏ జాతి నట్టలున్నాయో తెలిస్తే మందు దానికి తగ్గట్టు రాస్తారు.

చచ్చిన జీవాన్ని కోసే ముందు ఒక్కసారి చూడండి. ముక్కు, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ కావచ్చు. కోయొద్దు, తోలు తీయొద్దు, కుక్కలకు వేయొద్దు. మనుషులకూ వస్తుంది. పశువైద్యుడికి చెప్పండి, లేదంటే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి.

వచ్చిన సలహాను చిన్న తావులో

కొత్త రకం బాగుందని చెప్పారు కదా అని అయిదెకరాలూ అదే వేయొద్దు. శాస్త్రవేత్తలు కూడా అలా చెప్పరు. అర ఎకరం కొత్తది, పక్కనే అదే రోజు విత్తిన అర ఎకరం మీ పాతది. ఎరువు, నీళ్లు, కలుపు రెండింటికీ ఒకటే. కోతప్పుడు రెండూ వేరువేరుగా తూకం వేయండి. పక్కన పోల్చే సాలు లేకపోతే వచ్చిన దిగుబడి విత్తనం చలవా, మంచి వానల చలవా ఎవరూ చెప్పలేరు. లేపాక్షి లాంటి రకాలు కదిరి-6 కంటే కాస్త ఎక్కువ రోజులు తీసుకుంటాయి. సెప్టెంబరు వాన తప్పితే ఆ నాలుగు రోజులే దెబ్బ తీస్తాయి. మీ చేన్లో ఎట్లా వస్తుందో మీ చేనే చెప్పాలి. విత్తనం ఎవరిచ్చినా 100 గింజలు తడి గోనెలో చుట్టి మొలక చూడండి. 70 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం వద్దు.

ఈ పనే కృషి విజ్ఞాన కేంద్రం ఖర్చుతో చేయించుకోవచ్చు. ప్రదర్శన క్షేత్రం అని సాధారణంగా ఎకరా తీసుకుంటారు, విత్తనమో మందో వాళ్లు ఇస్తారు, సేద్యం మీది. మే నెలలోనే పోయి పేరు ఇవ్వండి. జూలైలో పోతే జాబితా అయిపోయి ఉంటుంది. ఒక షరతు మాత్రం ఉంటుంది. వాళ్లు చెప్పిన తేదీకి చెప్పిన పని చేయాలి, కోత రోజు వాళ్లను పిలవాలి. ఉచిత విత్తనం తీసుకుని కాయలు కళ్లంలో కలిపేస్తే మరుసటేడు మీ ఊరికే రారు.

వాన మాట

మంగళవారం, శుక్రవారం వాతావరణ బులెటిన్ వస్తుంది, రాబోయే అయిదు రోజులకు పంట సలహాతో కలిపి. ఫోన్‌లో మేఘదూత్ యాప్ వేసుకుంటే తెలుగులోనే చూడొచ్చు. మందు కొట్టే రోజు, కాయ పీకే రోజు దీన్ని చూసి పెట్టుకుంటే చాలు.

వాన ఆలస్యమైతే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. జూలై దాటాక శెనక్కాయ వేయడం మీద ఆశ వదులుకోమనే చెబుతారు. ఆగస్టులో ఉలవ, సజ్జ, కొర్ర లాంటివాటి వైపు పోమంటారు. "ఈ తేదీకి, ఈ నేలకు ఏది?" అని అడిగి ముందే విత్తనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. ఆగస్టులో అందరూ ఒకేసారి ఉలవ కోసం తిరుగుతారు.

మీ మాట పైకి పోవాలంటే

సలహా తెచ్చుకోవడం సగమే. విశ్వవిద్యాలయం వచ్చే ఏడు ఏం పరిశోధన చేయాలో తేల్చే సమావేశాల్లో రైతులకూ కుర్చీ ఉంది. కృషి విజ్ఞాన కేంద్రంలో శాస్త్రీయ సలహా సంఘం కూర్చుంటుంది. అనంతపురం, కర్నూలు కలిసిన అల్ప వర్షపాత మండలానికి నంద్యాల కేంద్రంగా పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశం జరుగుతుంది. రైతులను పిలుస్తారు కానీ వచ్చేది ఎప్పుడూ ఆ నలుగురే. తేదీ ఎప్పుడని కేంద్రం అధిపతిని అడిగి, పేరు రాయించుకోండి.

అక్కడ రేట్లు లేవు, పరిహారం రాలేదు అని మాట్లాడితే విని ఊరుకుంటారు, అది వాళ్ల చేతిలో లేదు. "నాలుగు ఊర్లలో లేపాక్షి వేసిన చేలల్లో సెప్టెంబరు బెట్టకు ఎంత పడిందో తూకం లెక్కలు ఇవిగో", "కూలీలు దొరకట్లేదు, కాయ కోసే యంత్రం మా గరుసు నేలలో ఆడట్లేదు, వచ్చి చూడండి" అంటే పెన్ను తీస్తారు. నోటుబుక్కు పట్టుకుపోండి.